పన్నెండు సీసాల నీళ్ళు

లిడియా చెప్పే సబ్జెక్టుకు ఆ కాలేజీలో ఏ విలువా లేదు. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అంటే పిల్లలకు పరీక్ష ముందు రోజు తిరగేస్తే సరిపోయే పేపరు, ప్రిన్సిపాల్‌కు జూన్ ఐదో తేదీన మొక్క పట్టుకుని ఫొటో దిగే అవకాశం. ఆ మొక్కకు మర్నాటి నుంచి నీళ్ళెవరు పోస్తున్నారని ఎవరూ అడగరు. గుంటూరులోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆమె పదమూడేళ్ళుగా గెస్ట్ లెక్చరర్. పదమూడేళ్ళు ఇంట్లో ఉన్న మనిషిని ఇంకా అతిథి అనడానికి ఎవరికైనా సిగ్గేస్తుంది. కాలేజీ వాళ్ళకు వెయ్యలేదు. బ్రాడీపేటలో మేడ మీద ఒక గది, ఒక గ్యాస్ పొయ్యి, పరుపు కింద సగంలో ఆగిపోయిన పీహెచ్‌డీ కాగితాలు. అదీ ఆమె సంసారం.

నలభై నిండటానికి ఇంకా ఏడాదిన్నర ఉందనగా, ఢిల్లీలోని ఒక పరిశోధన మండలి ప్రకటన ఆమె కంటపడింది. పర్యావరణ శాస్త్రాల్లో మూడేళ్ళ ప్రాజెక్టుకు నిధులిస్తారు. ప్రాజెక్టులో పనిచేసే సహాయకులకు నలభై దాటకూడదు. వస్తే పీహెచ్‌డీ పూర్తవుతుంది, ఉద్యోగానికి ఓ దారి దొరుకుతుంది. వాటన్నిటికన్నా ముందు, చిన్నప్పటి నుంచి ఆమెను వదలని ఒక ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. మిరపతోటలకు కొట్టే మందు తమ పల్లె చేతిపంపులోకి దిగుతోందా, లేదా?

తూమువారిపాలెంలో ఊరికి ఎడంగా ఉండే వాళ్ళ దళితపల్లెకు మూడు వైపులా మిరప, నాలుగో వైపు పత్తి. చేతిపంపుకు ఇరవై గజాల దూరంలోనే డ్రమ్ముల్లో మందు కలుపుతారు, ఆ డ్రమ్ములు అక్కడే కడుగుతారు. ఆమె తండ్రి జక్రయ్య వీపుకు ట్యాంకు తగిలించుకుని ముప్పై ఏళ్ళు ఊరి రైతుల చేలకు మందు కొట్టాడు. యాభై రెండేళ్ళకే కిడ్నీలు పాడై పోయాడు. మందు కొట్టేవాడు కాబట్టి పోయాడని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆ తర్వాత పల్లెలో అలాగే పోయిన నలుగురిలో ఇద్దరు ఏనాడూ ట్యాంకు ముట్టని ఆడవాళ్ళు. డాక్టర్లు బీపీ అన్నారు, షుగరన్నారు, నొప్పుల బిళ్ళలు ఎక్కువ మింగారన్నారు. వాళ్ళేం నీళ్ళు తాగుతారని ఒక్కరూ అడగలేదు. ఆ కోపమే లిడియాను చదివించింది.

అప్లికేషన్ పెట్టాలంటే పర్మనెంటు ఉద్యోగి ఉండాలి. అందుకని ప్రధాన పరిశోధకుడిగా డిపార్ట్‌మెంటు హెడ్డు శివరామకృష్ణ గారి పేరు వేసి, సహాయకురాలిగా తన పేరు వేసుకుంది. అరవై రెండు పేజీలు ఆమె రాసింది. ఆయన సంతకం చేశాడు. చేస్తూ, “మన ప్రాజెక్టు టైటిల్ కాస్త గంభీరంగా ఉండాలమ్మా,” అన్నాడు. అంతే, అది ‘మన’ ప్రాజెక్టు అయిపోయింది.

మొదటి ఏడు తిప్పి పంపారు. ఊహ బాగుంది, ప్రాథమిక ఆధారాలు లేవు అన్నారు. నిధులిస్తే పరీక్షలు చేసి ఆధారాలు తెస్తానని అడిగిన మనిషిని, ముందు ఆధారాలు తెస్తే నిధులిస్తామన్నారు. లిడియా రెండు రోజులు తిండి సరిగ్గా తినలేదు. మూడో రోజు ఒళ్ళు దులుపుకుని లేచి, సొంత డబ్బుతో పన్నెండు గోధుమరంగు గాజుసీసాలు కొంది.

నవంబరులో, తోటలకు మందు జోరుగా కొట్టే రోజుల్లో నీళ్ళు పట్టాలి. మందు కొట్టిన మర్నాడు పొద్దున్నే పట్టాలి. అది ఏ రోజో రైతులు ముందు చెప్పరు. ఆ నెలంతా కాలేజీలో పరీక్షలు. సెలవు పెడితే గెస్టుల్ని మార్చేస్తారు. అందుకని ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక సీసాలు తీసుకెళ్ళి తల్లి పున్నమ్మ చేతిలో పెట్టింది. పన్నెండు ఇళ్ళ ఆడవాళ్ళనూ వాకిట్లో కూర్చోబెట్టి చెప్పింది.

“మీరు రోజూ తాగే నీళ్ళే పట్టండి. మీ ఇంటి పేరున్న సీసాలో మీరే పట్టి మూతెయ్యండి. ఇవి పరీక్షకెళ్తాయి, ఆ రిపోర్టు ఢిల్లీకెళ్తుంది.”

“ఢిల్లీకే!” అంది పున్నమ్మ. ఆ సీసాల మీద కూతురి పేరు కూడా అంటించి ఉందని తెలిశాక, చీరకొంగుతో ఒక్కో సీసా తుడిచి ట్రంకుపెట్టెలో పెట్టింది.

రెండు వారాలకు కబురొచ్చింది. లిడియా పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, ఐసుపెట్టెలో సీసాలు సర్దుకుని, అటునుంచటే ల్యాబుకు పంపించింది. డిసెంబరు చివర్లో, అప్లికేషన్ గడువు నాలుగు రోజులుందనగా రిపోర్టు వచ్చింది. పన్నెండు సీసాల్లోనూ ఏ మందు జాడా లేదు. నీళ్ళు శుభ్రం.

ఆమె నమ్మలేకపోయింది. శివరామకృష్ణ గారికి చూపిస్తే ఆయన కళ్ళజోడు సవరించుకుని, “నీళ్ళు బాగున్నాయంటే సంతోషించాలి గానీ ఏడుపు మొహం పెడతావేంటమ్మా?” అన్నాడు. తలుపు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. “ఒకటి రెండు చోట్ల అంకెలు కాస్త అటూ ఇటూ జరిపితే తప్పేం లేదు. అందరూ చేసేదే. మంజూరయ్యాక అసలు పరీక్షలు ఎలాగూ చేస్తాం కదా.”

“నేను జరపలేను సార్,” అంది లిడియా.

“అయితే నీ ఇష్టం. నలభై నీకొస్తున్నాయి, నాకు కాదు.”

మళ్ళీ పరీక్ష చేయించడానికి రోజులూ లేవు, డబ్బూ లేదు. వచ్చిన అంకెల్ని వచ్చినట్టే రాసింది. ఒక్కసారి పట్టిన నీళ్ళతో తేల్చలేమని, మూడేళ్ళు వరసగా చూడాలని ఒక పేజీ అదనంగా రాసింది. నిజాయితీకి విలువుంటుందని ఆమె అప్పటికీ నమ్ముతోంది. పదమూడేళ్ళు గెస్టుగా ఉండి కూడా ఆ నమ్మకం పోలేదంటే జాలిపడాలో మెచ్చుకోవాలో తెలియదు.

ఇంకో కాగితం మిగిలింది. ఊళ్ళో పరిశోధన చేసుకోవడానికి తమకు అభ్యంతరం లేదని పంచాయతీ రాసివ్వాలి. సర్పంచి బుల్లయ్య సంతకం పెట్టడానికి ముందు, “మా ఊరి నీళ్ళ మీద ఏం రాస్తున్నావో మాకూ తెలియాలిగా అమ్మాయ్. ఓ కాపీ ఇచ్చి పో,” అన్నాడు. అడిగినదాంట్లో తప్పేముంది? ప్రతి పేజీ కిందా సంతకం చేసి ఒక కాపీ ఇచ్చింది.

మార్చిలో ఆమెకు నలభై నిండాయి. జూన్‌లో ఉత్తరం వచ్చింది. మీరు జతచేసిన ఆధారాల ప్రకారమే అక్కడి నీటిలో కాలుష్యం లేదు, కనుక ఈ పరిశోధన అవసరం కనిపించడం లేదు. రెండే వాక్యాలు. వాళ్ళను తిట్టడానికి కూడా లేదు, వాళ్ళన్నది న్యాయమే. ఎవర్ని తిట్టుకోవాలో తెలియకపోతే ఆ కోపం మనిషిని లోపల్నుంచి తినేస్తుంది. లిడియా ఆ ఉత్తరం సంచిలో వేసుకుని ఊరికి బస్సెక్కింది.

పున్నమ్మ చేటలో తొడిమలు తీసిన మిరపకాయలు ఆరబోస్తోంది. కూతురి మొహం చూడగానే చేట కింద పెట్టేసింది.

“ఏమైందమ్మాయ్?”

“ఢిల్లీ వాళ్ళు ఇవ్వలేదమ్మా. మన నీళ్ళు బాగున్నాయంట. ఇంక పరిశోధన దేనికన్నారు.”

పున్నమ్మ మొహం విప్పారింది. “బాగున్నాయన్నారా? మరి బాగుండవూ! ఊరికే పట్టామనుకున్నావా? సీసాలు బూడిదేసి తోమి, వేడినీళ్ళతో కడిగి, ఎండబెట్టి మరీ పోశాం.”

లిడియా అడిగింది, “ఏం నీళ్ళు పోశారమ్మా?”

“ఫిల్టరు ప్లాంటు నీళ్ళు. అందరం తలో రెండు రూపాయలేసుకుని క్యాను తెప్పించాం. పాస్టరు గారొస్తేనే పంపు నీళ్ళివ్వం కదా మనం! నీ పేరు రాసున్న సీసాలు, ఢిల్లీ పెద్దోళ్ళు చూసేవి. ఆ కంపు నీళ్ళు పోసి పంపితే మనల్నేమనుకుంటారు? ఇలాంటి నీళ్ళు తాగే ఇంట్లో పుట్టిందా ఈ పిల్ల అనుకోరూ?”

లిడియా అరిచింది. జీవితంలో తల్లి మీద అంత గొంతెత్తడం అదే మొదటిసారి. “రోజూ తాగేవి పట్టమన్నాను కదమ్మా! అవి వచ్చినవాళ్ళకిచ్చే మంచినీళ్ళు కాదు! నీళ్ళు చెడ్డవని చూపించడానికే కదమ్మా!”

పున్నమ్మకు అప్పటికి అర్థమైంది. మిరపకాయల ఘాటుకు మండే చేతుల్ని చీరకు తుడుచుకుంటూ నిలబడిపోయింది.

లిడియా గోడవారగా కూర్చుని రిపోర్టు తీసి చూసింది. మందుల వరసలు కాదు, ఎవరూ చూడని ఉప్పు వరస చూసింది. పన్నెండు ఇళ్ళలోనూ ఒకటే అంకె. ఆ నల్లరేగడి నేలలో పంపు నీళ్ళలో అంత తక్కువ ఉప్పు ఉండనే ఉండదు. ఫస్టియర్ పిల్లల చేతికిచ్చినా ఇవి పంపు నీళ్ళు కావని పట్టుకుంటారు. తను పట్టుకోలేదు. మందు ఉందా లేదా అని వెతికిన కళ్ళకు పక్క వరస కనిపించలేదు. తల్లి మీద అరిచినందుకు సిగ్గేసింది, తన మీద తనకు అసహ్యమేసింది. సీసాలు చేతిలో పెట్టి వెళ్ళిపోవడం తన తప్పు. ఇంటికొచ్చిన వాళ్ళకు పంపు నీళ్ళివ్వని ఇంట్లో తనే పుట్టి పెరిగింది, ఆ సంగతి వీళ్ళకన్నా బాగా తనకే తెలియాలి.

పోయిన గ్రాంటు ఎలాగూ పోయింది. దానితో ఆగితే బాగుండేది.

ఆగస్టులో నీటి సరఫరా ఇంజనీరు ఊళ్ళోకి వచ్చాడు. ట్యాంకు నుంచి కొత్తగా పైపులు వెయ్యడానికి డబ్బొచ్చింది, నీళ్ళు బాగాలేని వాడలకు ముందు వేస్తారు. పల్లె ఆడవాళ్ళంతా అర్జీ పట్టుకుని పంచాయతీ ఆఫీసుకు వెళ్ళారు. లిడియా కూడా సెలవు పెట్టి వచ్చింది. బుల్లయ్య అర్జీ చదివి, బీరువాలోంచి ఒక ఫైలు తీసి ఇంజనీరు ముందు పెట్టాడు.

“వీళ్ళ నీళ్ళకేం కాలేదు సార్. పెద్ద ల్యాబు రిపోర్టే ఉంది. చేసింది కూడా బయటోళ్ళు కాదు, వీళ్ళ పిల్లే.” పున్నమ్మ వైపు తిరిగి కాగితం చూపించాడు. “చూడవే పున్నమ్మా, ఇది మీ అమ్మాయి సంతకం కాదూ?”

పున్నమ్మకు చదువు రాదు. కూతురి సంతకం మాత్రం ఎక్కడున్నా గుర్తుపడుతుంది. “మా అమ్మాయిదేనండి,” అంది.

లిడియా ముందుకొచ్చింది. ఆ రిపోర్టు తప్పని చెప్పింది. ఉప్పు వరస వేలు పెట్టి చూపించింది. పట్టింది పంపు నీళ్ళు కావని చెప్పింది.

“మరేం నీళ్ళు? ఎవరు పట్టారు?” అన్నాడు బుల్లయ్య.

పున్నమ్మే అంది, “నేనేనండి. క్యాను నీళ్ళు పోశాం. తెలీక చేశామండి.”

బుల్లయ్య పెద్దగా నవ్వాడు. “చూశారా సార్? పైపు కోసం కూతురి చదువునే అబద్ధమంటోంది.”

ఇంజనీరు చెడ్డవాడు కాదు. రిపోర్టు తిరగేసి, “మీరన్నది నిజమే కావచ్చు మేడం. కానీ ఈ కాగితాన్ని పక్కన పెట్టాలంటే నాకింకో కాగితం కావాలి. మా నీళ్ళ పరీక్ష కిట్టులో పురుగుమందులు తెలియవు. కొత్తగా ల్యాబు రిపోర్టన్నా తెండి, ఇది చెల్లదని మీ కాలేజీ నుంచి ఉత్తరమన్నా తెండి. జాబితా ఇవాళే పంపాలి,” అన్నాడు.

ఆమె అక్కడి నుంచే శివరామకృష్ణ గారికి ఫోన్ చేసింది. ఆయన మొత్తం విని, “అందులో ముందున్నది నా పేరమ్మా. నా రిపోర్టు తప్పని నేనే రాసుకోనా? రిటైరయ్యే ముందు నాకెందుకీ తలనొప్పి,” అని పెట్టేశాడు. అరవై రెండు పేజీల్లో ఒక్క వాక్యం కూడా రాయని మనిషికి అది ఇంకా తన రిపోర్టే. పైపు ఊరి అవతలి వాడకు మంజూరైంది. పల్లె పేరు సురక్షితమైన నీళ్ళున్న వాడల జాబితాలోకి ఎక్కింది.

ఆడవాళ్ళంతా చేలగట్ల మీదుగా ఇళ్ళకు బయల్దేరారు. లిడియాను ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. వెనక నడుస్తున్న పున్నమ్మ కూతురి పక్కకు వచ్చింది.

“ఆ పరీక్షలకు చాలా అవుద్దా అమ్మాయ్?”

“అవుద్దమ్మా. మందులు పట్టే పరీక్షలు. అవి ఒక్కసారి చేస్తే సరిపోదు, ఏడాది పొడుగునా చెయ్యాలి. అందుకే గదా వాళ్ళను అడిగింది.”

“అయితే ఢిల్లీకి మళ్ళీ పెట్టమ్మా. ఈసారి అడ్డమైన పని చెయ్యం. పంపు కింద పెట్టి నీ ఎదురుగానే పడతాం. కంపు కొట్టినా సరే, పంపేద్దాం. మళ్ళీ పెడతావు కదా?”

నలభై దాటాక కూతురు ఇక పెట్టకూడదన్న సంగతి పున్నమ్మకు తెలియదు. రెండేళ్ళలో ఎప్పుడూ చెప్పే అవసరం రాలేదు. ఒక్క అంకె మార్చమంటే మార్చనన్న లిడియా తల్లి మొహంలోకి చూడలేక చేను వైపు తిరిగింది. కొత్తగా నాటిన మిరపకు అప్పటికే మందు కొడుతున్నారు.

“పెడతానమ్మా,” అంది.