దింపుడు కళ్ళం దగ్గర ‘ఆయ్’ అన్నవాణ్ణి

ఆ రోజుల్లో నిద్ర పట్టకపోవడం ఒక జబ్బని మా పల్లెలో ఎవరికీ తెలియదు. పడవ మీద బతికేవాళ్లం. కొబ్బరికాయలూ ధాన్యమూ ఎత్తుకుని గోదావరి పాయలో పైకీ కిందికీ తిరగడమే పని. పగలంతా వెదురు గెడతో పడవ తోసినవాడికి చాప మీద నడుం వాలిస్తే చాలు, కళ్లు వాటంతట అవే మూతపడేవి. ఎవడికైనా నిద్ర పట్టలేదంటే వాడు పని ఎగ్గొట్టాడని అర్థం. మర్నాడు వాడి చేత ఇంకో నాలుగు బస్తాలు మోయించడమే దానికి మా మావయ్య చేసే వైద్యం. ఇప్పుడు నా మనవలు తలనొప్పికో మందు, కడుపునొప్పికో మందు అంటూ అమలాపురం పోయి సీసాలు తెచ్చుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. నేనూ ఒకప్పుడు నిద్ర కోసం మందు తిన్నవాణ్ణే. అది ఎంత బాగా పనిచేసిందంటే నన్ను పాడె మీద కట్టి తీసుకుపోయారు. (ఈ సంగతి తెలిసిన కొత్త కోడళ్లు ఇప్పటికీ నాకు మజ్జిగ పోయడానికి కాస్త ఎడంగా నిలబడతారు.)

నాకు అప్పుడు మీసం మొలిచి, మెలితిప్పడానికి ఇంకా అందని వయసు. ఎగువన ధవళేశ్వరం దగ్గర దొరలు గోదావరికి అడ్డంగా ఆనకట్ట కడుతున్న కాలం. ఆ ఏడు వానలతో పాటు వాంతులూ విరేచనాల జబ్బు దిగింది. దాని పేరు నోటితో అనడానికి భయపడి అందరూ ‘అది’ అనేవారు. పొద్దున్న ‘అది’ తగిలిన మనిషి సాయంత్రానికి ఉండేవాడు కాదు. కాల్చడానికి ఎండు కట్టె దొరక్క అందరినీ ఏటిగట్టున ఇసకలో పూడ్చేవాళ్లం. ఆ వరసలోనే మా అన్నయ్య పోయాడు. నాన్న ఎప్పుడో సముద్రం పాలయ్యాడు కాబట్టి నాకు ఈతా, గెడ వెయ్యడమూ, తిట్లూ అన్నీ నేర్పినవాడు అన్నయ్యే. వాడి పాడెకి ముందు కొమ్ము నేను పట్టాను. మామూలుగా అయితే శ్మశానం దారిలో పాడెను ఒకచోట కిందికి దింపుతారు. దాన్ని దింపుడు కళ్ళం అంటారు. దగ్గరి చుట్టం ఒకడు చెవి దగ్గర వంగి మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తాడు. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతాడని ఆశ. ఆ రోజు వాన మొహం మీద కొడుతోంది. పాడె మోసేవాళ్లకి ‘అది’ తమకెక్కడ తగులుతుందోనని ఒకటే భయం. “నడవండ్రా, నడవండి” అంటూ మావయ్య వెనక నుంచి తొందరపెట్టాడు. అన్నయ్యని ఎవరూ దింపలేదు, ఎవరూ పిలవలేదు. వాడి పాదం నా చెవికి తగులుతూనే ఉంది. అలాగే తీసుకుపోయి పూడ్చి వచ్చాం.

ఆ రోజు నుంచి నాకు నిద్ర పోయింది. కళ్లు మూస్తే చాలు, తడి ఇసకలో పార దిగే చప్పుడు వినిపించేది. మావయ్య తన వైద్యం తాను చేశాడు. బస్తాలు మోసి నడుం వంగింది గాని కన్ను వంగలేదు. ఆఖరికి ఒకరోజు పట్టపగలు పడవ తోస్తూ, గెడ బురదలో దిగబడితే వదిలెయ్యాలన్న స్పృహ కూడా లేక దాన్నే కావలించుకుని ఉండిపోయాను. పడవ ముందుకి పోయింది. నేను నది మధ్యలో గెడ మీద కొంగలా వేలాడుతున్నాను. రేవులో బట్టలుతికేవాళ్లు నవ్వారు. ఆ ఏడు మా ఊళ్లో జనం నవ్విన మొదటిసారి అదేననుకుంటాను. మా అమ్మ మాత్రం నవ్వలేదు. ఒక కొడుకును పోగొట్టుకున్న మనిషి, రెండోవాణ్ణి చెయ్యి పట్టుకుని వైద్యం చేసే ఆచారిగారి అరుగు దగ్గరికి లాక్కుపోయింది.

ఆచారిగారు నాడి పట్టుకుని చాలాసేపు ఆకాశం వంక చూశారు. “వాతం తలకెక్కిందమ్మా. నల్లమందు మాత్రలిస్తాను. మిరియం గింజంతే ఉంటాయి. తమలపాకులో పెట్టి పొద్దుగూకేక ఒక్కటంటే ఒక్కటే వెయ్యాలి. పథ్యం మాత్రం గట్టిగా ఉండాలి. చింతపండు కూడదు, చేప అసలు కూడదు.”

“చేప కూడదా అండీ?” అంది అమ్మ, ఊపిరి పీల్చుకోకూడదని చెప్పినట్టుగా.

“వాసన కూడా కూడదు.”

మా ఇంట్లో చేప వాసన లేని చోటు దేవుడి గూడొక్కటే. అదైనా నేను ప్రమాణం చేసి చెప్పలేను. అయినా ఆ మాత్ర మహత్తు కాదనకూడదు. మొదటి రోజే నిద్ర ముంచుకొచ్చింది. పార చప్పుడు లేదు, వాన లేదు, అన్నయ్య లేడు. మర్నాడు బారెడు పొద్దెక్కాక లేచి, లోకంలో ఇంత సుఖం ఉందా అనుకున్నాను. తరువాత ఆ సుఖానికి తోడు మిగతావి వచ్చాయి. ముక్కు ఒకటే దురద. గోకి గోకి అది పండుమిరపకాయ అయింది. నోరు ఎండి నాలుక అట్టకట్టింది. ఇంకొకటి చెప్పడానికి సిగ్గేగాని, చెప్పకపోతే కథ సగమే. ఊరు ఊరంతా ఆగకుండా పోయి చస్తుంటే, నాకు మాత్రం పూర్తిగా ఆగిపోయింది. మావయ్య దాన్ని అదృష్టం కింద జమకట్టాడు. “వీడికి ‘అది’ రమ్మన్నా రాదే అక్కా!” అన్నాడు. నిద్రలో లేచి నడవడం కూడా మొదలైంది. ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి నడుం లోతు నీళ్లలో నిలబడి, పడవ కట్టిన తాడు ముడి విప్పుతున్నాను. అప్పటి నుంచి అమ్మ తన చీర కొంగు నా మణికట్టుకి ముడేసుకుని పడుకునేది.

ఇక అసలు సంగతి. పథ్యం తప్పితే మందు తిన్నట్టు లెక్క కాదు. మా పల్లెలో ఇది ఎవరూ నేర్పకుండానే అందరికీ తెలుసు. ఒక సాయంత్రం అమ్మ నాకు మాత్ర వేసి, తమలపాకు నమిలించి, నా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

“ఏం తిన్నావురా మద్దేన్నం?”

“మెత్తళ్ల పులుసమ్మా. పడవ మీద అందరూ తింటంటే నోరూరింది.”

“ఇంకేటుంది! మందు చెడిపోయింది. తిన్నట్టు కాదది” అని ఇంకో మాత్ర వేసింది. వేసి, ఒక్క క్షణం ఆలోచించింది. మెత్తళ్లు చేప, పులుసులో చింతపండు. తప్పినవి రెండు పథ్యాలు. చేపకి ఒకటి ఇచ్చింది కాబట్టి చింతపండుకి ఇంకొకటి ఇచ్చింది. న్యాయంగా చూస్తే మా అమ్మ లెక్కలో తప్పేమీ లేదు. నేనూ ఆయ్ అని మింగాను.

మర్నాటి సంగతులు తరువాత ఒక్కొక్కరు చెప్పగా విన్నవి. పొద్దెక్కినా నేను లేవలేదట. ఒళ్లు చల్లబడింది, పెదాలు నల్లబడ్డాయి, కుదిపితే కదలలేదు. ఆచారిగారు రోగుల్ని చూడడానికి కాట్రేనికోన వైపు వెళ్లారు. ఆ ఏడు దగ్గరికొచ్చి ముక్కు కింద వేలు పెట్టి చూసే ధైర్యం ఎవరికీ లేదు. మావయ్య గుమ్మంలోంచే తొంగి చూసి, అక్కడే కూలబడి, “వీడూ అయిపోయేడే అక్కా” అని ఏడ్చాడు. అమ్మ “ఊపిరి ఉందిరా, ఉంది” అంటూనే ఉందట. తల్లి కదా, అలాగే అంటుందిలే అనుకున్నారు. కడవతో దూరం నుంచి నీళ్లు కుమ్మరించి, కాలి బొటనవేళ్లు రెండూ కలిపి తాడుతో కట్టి, నన్ను పాడె ఎక్కించారు. ఆడవాళ్లు ఆగిపోయే వీధి చివర అమ్మ ఆగలేదు. పాడె వెదురు పట్టుకుంది.

“పెద్దోడికి దింపలేదు. నేనేం అనలేదు. వీణ్ణి దింపుతానని చెప్పి తీసుకెళ్లు తమ్ముడూ.”

“వానొస్తాందక్కా.”

“రానీ.”

“సరే, దింపుతాను. వదులు.”

ఇక్కడి నుంచి నాకు కొంచెం కొంచెం తెలుసు. నీళ్ల అడుగున ఉన్నట్టుంది. పైన ఎక్కడో మనుషులున్నారు. కన్ను తెరవాలని ఉంది గాని రెప్ప నాది కాదు. కింద నేల తగిలింది. చెవి దగ్గర ఎవరో ఒక పేరు పిలిచారు. బారసాలనాడు పంతులుగారు నాకు పెట్టిన పేరది. దేవుడి పేరు, చాలా పొడుగు. ఆ తరువాత ఏ ఒక్కరూ దాంతో నన్ను పిలిచిన పాపాన పోలేదు. ఎవడో పాపం, పోయినట్టున్నాడు అనుకున్నాను. రెండోసారి అదే పేరు, ఈసారి ఏడుపుతో. ఎవడైనా పలకరాదూ, ఆ పెద్దమనిషి అంతలా పిలుస్తుంటే, అని విసుగొచ్చింది కూడా. మూడో పిలుపు రాలేదు. మావయ్య పై పంచెతో మొహం తుడుచుకుంటున్నాడట. నాలుగు వైపులా మనుషులు మళ్లీ పాడె ఎత్తడానికి వంగారట. అప్పుడు మావయ్య శాస్త్రం మరిచిపోయి, రోజూ పొద్దున్నే మా గుమ్మంలో నిలబడి అరిచే అరుపు అరిచాడు.

“ఒరే బుల్లోడా! పోటెక్కిందిరా! లేచి తాడిప్పరా!”

ఆ రోజుల్లో సముద్రం పోటు మీద ఉంటేనే నీళ్లు నదిలోకి ఎదురెక్కేవి. ఆ ఊపులోనే బరువు పడవను పైకి తీసుకుపోవాలి. ఆ పోటు తప్పితే మళ్లీ పోటు దాకా గట్టున కూర్చోవలసిందే. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ అరుపుకి లేచిన ఒళ్లు ఇది. నా ప్రమేయం లేకుండా నా నోరే పలికింది.

“ఆయ్. వస్తన్నా.”

డప్పు ఆగిపోయింది. పాడె మోసినవాళ్లలో ఇద్దరు వరిచేలో పడి పరుగెత్తారు. ఒకడు చేను పక్క నీళ్ల కాలవలో దూకాడు. నాలుగోవాడు ఎటు పోయాడో సాయంత్రం దాకా తెలియలేదు. మావయ్య ఒక్కడూ కదలకుండా నిలబడ్డాడు. కాళ్లు పనిచెయ్యక నిలబడ్డానని ఆయనే తరువాత చెప్పుకునేవాడు. నేను లేచి అడుగు వెయ్యబోయి, బొటనవేళ్లు కట్టి ఉండడంతో మొహం మీద బురదలో పడ్డాను. తాడిప్పమన్నాడు కదా అని అలాగే కూర్చుని, కాళ్లకి కట్టిన తాడు విప్పుకున్నాను. మావయ్య నన్ను ఒళ్లో వేసుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

ఇంటికి వస్తే గుమ్మంలోనే ఆపేశారు. పాడెక్కినవాడు ఉన్నపళంగా లోపలికి రాకూడదు, మళ్లీ పుట్టాలి అన్నారు పెద్దలు. పురిటిబిడ్డని పడుకోబెట్టినట్టు నన్ను చేటలో కూర్చోబెట్టారు. చేట విరిగింది. కంచం వాయించారు. తవ్విన గొయ్యి ఖాళీగా ఉంచకూడదని కాటికాపరి పోరుపెడితే, నా పంచె చుట్టి ఒక అరటి బోదెను పూడ్చి వచ్చారు. పంతులుగారు మళ్లీ ఆ పొడుగు పేరే పెట్టబోతుంటే అమ్మ అడ్డుపడింది. “ఆ పేరు దారిలోనే పోయిందిలెండి. పలికే పేరు పెట్టండి” అంది. అలా నేను శాస్త్రోక్తంగా బుల్లోణ్ణయ్యాను. అంతమంది చచ్చిన ఆ ఏట మా వాకిట్లో జనం కడుపుబ్బ నవ్వారు. కొందరు నవ్వుతూ నవ్వుతూ ఏడ్చారు.

జనం వెళ్లిపోయాక అమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుంది. నా మణికట్టు వదల్లేదు. మావయ్య వంక చూడకుండానే అడిగింది.

“పెద్దోడికి కూడా వేసేం కదరా, ఆచారిగారి మాత్ర. నొప్పి తగ్గుద్దని.”

మావయ్య లేచి వాకిట్లో విరిగిన చేట ముక్కలు ఏరసాగాడు. నా చెవికి తగిలిన ఆ పాదం చల్లగా ఉందో లేదో గుర్తు చేసుకోవాలని ప్రయత్నించాను. వానలో అన్నీ చల్లగానే ఉంటాయి. ఇన్నేళ్లయినా నాకు అంతకు మించి గుర్తు రాలేదు.

ఆచారిగారు ఊరొచ్చి సంగతి విని, చెప్పులతోనే పరుగెత్తుకొచ్చారు. నా నాడి పట్టుకుని ఎంతకీ వదల్లేదు. అమ్మ లోపలికి వెళ్లినప్పుడు నేను మెల్లగా అడిగాను.

“మా అన్నయ్యకి కూడా ఇలాగే అయ్యుంటాదా అండీ?”

“లేదు బాబూ. మీవాళ్లు మోసుకెళ్లే ముందు నా చేత్తో నాడి చూసేను. లేదు” అన్నారు. అదే మాట లోపలికి వినబడేలా అమ్మతోనూ చెప్పారు. అన్నయ్య పోయిన రోజు ఆయన మా ఇంటికి వచ్చినట్టు నాకు గుర్తు లేదు. ఆ తరువాత ఆయన ఎవరికైనా నల్లమందు మాత్ర ఇవ్వగా నేను చూడలేదు. అమ్మ మాత్రం నమ్మింది. నమ్మింది కాబట్టే బతికింది. నేనూ నమ్మినట్టే ఉన్నాను, ఆమె ఉన్నంతకాలం.

అప్పటి నుంచి చుట్టుపక్కల ఎవరు పోయినా వెళ్లడం నాకు పనైపోయింది. ఎంత వానైనా పాడె దింపాల్సిందే, నేను పిలవాల్సిందే. పంతులుగారు పెట్టిన పేరుతో కాదు. బయల్దేరే ముందే ఇంట్లోవాళ్లని అడుగుతాను, ఈయన రోజూ ఏ మాటకి లేచేవాడని. ‘ఎడ్లు చేలో పడ్డాయిరోయ్’ అని అరిచాను, ‘కల్లు దిగింది బావా’ అని అరిచాను. కుర్రాళ్లు నాకు ‘పిలుపుల తాత’ అని పేరు పెట్టి చాటున నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఇంతవరకూ ఒక్కరూ పలకలేదు. మా అమ్మ పోయినప్పుడు ఎవరినీ అడగక్కర్లేకపోయింది. చెవి దగ్గర వంగి, “అమ్మా, ఆకలేస్తందే” అన్నాను. మూడుసార్లూ అన్నాను. ఆమె లేవలేదు. అప్పుడుగాని ఆమె పోయిందని నాకు నమ్మకం కలగలేదు.

ఇప్పుడు నా వంతు దగ్గరికొచ్చింది. నిద్ర మళ్లీ సరిగ్గా పట్టడం లేదు. మందు ఊసు మాత్రం ఎత్తను. కాలవలొచ్చాయి, లాకులొచ్చాయి, పోటు కోసం ఎదురుచూసే పడవలు మా వైపు తగ్గిపోయాయి. అయినా మనవలకి చెప్పి ఉంచాను, నన్ను దింపినప్పుడు ‘పోటెక్కింది’ అనే పిలవాలని. పోటంటే ఏమిటి తాతా అని చిన్నవాడు నవ్వుతాడు. నీకు తెలియక్కర్లేదురా, గట్టిగా అను చాలు అన్నాను. తొందరపడి ఎత్తెయ్యకండి, ఇంకోసారి పిలవండి అని కూడా అన్నాను. మీసం రాని రోజుల నుంచీ ఒక్క పిలుపుకి లేచిన పాపాన పోలేదు నేను.