ఇంట్లోకొచ్చిన సిగ్నల్

ఓర్వకల్లు దగ్గరి పల్లెకు టీచరుగా వచ్చిన రెండేళ్లూ, మా అక్క నాకు ఫోన్ చేయకపోవడానికి కారణం నా సిమ్మేనని గట్టిగా నమ్మాను. అమ్మ పోయాక నాకంటూ మిగిలింది కడపలో ఉన్న ఆ అక్క ఒక్కతే. ఇంట్లో సిగ్నల్ ఉండేది కాదు. సాయంత్రమైతే ఊరి ఆడవాళ్లతో పాటు నేనూ బడి వెనక రాళ్లగుట్ట ఎక్కేదాన్ని. అక్కడ ఒకరి మాటలు అందరికీ వినపడతాయి. మా పక్కింటావిడ అల్లుడితో ఫోన్లో గొడవపడుతుంటే మిగతావాళ్లం సలహాలిచ్చేవాళ్లం. నా ఫోన్ మాత్రం మోగేది కాదు. నేనే చేస్తే, పనిలో ఉన్నా, మళ్లీ చేస్తాలే అనేది అక్క. నేను ఇంట్లో ఉన్నప్పుడు చేసే ఉంటుంది, నాకు కలవలేదంతే అనుకునేదాన్ని.

ఆ కోపమంతా కంపెనీ మీద చూపించాను. వాళ్లూ తక్కువవాళ్లేం కాదు. ప్లాన్ ధర ఒకటి చెప్పి ఇంకొకటి లాగేవాళ్లు, నేను అడగని కాలర్ ట్యూన్ పాటకు డబ్బులు కోసేవాళ్లు. కస్టమర్ కేర్ అమ్మాయిని ఓసారి గుట్ట మీద నుంచే కడిగిపారేశాను. పక్కవాళ్లు శానా మురిసిపోయారు.

చివరకు నందికొట్కూరులో ఒక సెల్లు అంగడికి వెళ్లాను. ఏ పల్లెలో ఏ కంపెనీ ఎక్కడ పలుకుతుందో కొన్నవాళ్లనే అడిగి, అట్టపెట్టె మూత మీద రాసి పెట్టుకున్నాడు ఆ అంగడి శెట్టి.

"ఇల్లు యాడుండాదమ్మా? గుట్టకు ఈ పక్కనా, ఆ పక్కనా?"

చెప్పాను. మూత చూసి, నంబరు మారకుండా వేరే కంపెనీ సిమ్ము ఇప్పించి, నెలకెంతో ఒకే అంకె చెప్పాడు. పైన ఇంకేమీ పడదు కదా అని మూడుసార్లు గద్దించాను. పడితే సిమ్ము తెచ్చి తన మొహాన కొట్టమన్నాడు.

శెట్టి మాట నిజమే. వంటింట్లో కూడా నిండా గీతలు. పైసా అదనంగా పోలేదు. మూడు ఆదివారాలు ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. పాడైందేమోనని పక్కింటావిడను గుట్టెక్కించి, నాకు చేయించుకుని చూశాను. శుభ్రంగా మోగింది. ఇక తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. ఏడుపొచ్చింది.

నాలుగో ఆదివారం సాయంత్రం మళ్లీ గుట్ట ఎక్కాను. పక్కింటావిడ నన్నూ, నా చేతిలోని ఫోన్‌నూ చూసింది.

"ఇంట్లో సిగ్నల్ పోయిందమ్మా," అన్నాను. "మా అక్క ఎంత చేసినా కలవడం లేదంట."

ఆవిడ జరిగి, తన పక్కన బండ మీద చోటిచ్చింది.

"ఈ సిమ్ములన్నీ అంతేలే మేడం. రా, ఈడ కూర్చో."