తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఆడిన అబద్ధం

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. ఇప్పటికీ కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తడానికి జంకుతాను. ఆఫీసులో ఎవరి హాజరు కార్డయినా పోయిందంటే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాను.

అప్పుడు టొరంటోలో చదువుకుంటున్నాను. ఆ ఊరి పడమటి వైపు ఎటోబికోలో ఒక వేర్‌హౌస్‌లో పార్ట్‌టైమ్ పని. అక్కడికి దగ్గర్లోనే ఒక బేస్‌మెంట్‌లో నేనూ నరేశూ ఉండేవాళ్లం. వాడి పేరు మార్చాను. కరీంనగర్ వాడు. ఇద్దరిదీ ఒకే కాలేజీ, ఒకే వేర్‌హౌస్.

నాకు బేస్‌బాల్ పిచ్చి పట్టింది అక్కడే. క్రికెట్ వచ్చే వేళలు కుదరక చూడటం మొదలుపెట్టి, ఇక వదల్లేకపోయాను. ఈ ఊరి టీమ్ ఉందే, దాన్ని నమ్ముకుంటే నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టే. ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్ అయితే, ఏడో ఇన్నింగ్స్ దాకా ఆట మనదే అనిపిస్తారు. ఆ తర్వాత బంతి వేయడానికి కొత్తవాడొకడు వచ్చి, అప్పటిదాకా కూడబెట్టినదంతా తగలేస్తాడు. ఇక చూడనని ఒట్టు పెట్టుకునేవాణ్ణి. మర్నాడు మళ్లీ టీవీ ముందే. అంత కోపం నిజంగా టీమ్ మీదేనా? కాదేమో. చదువు, పని, ఆ దేశంలో ఉండనిచ్చే పర్మిట్, ఏదీ నా చేతిలో లేని ఆ రోజుల్లో, నా తరఫున ఎవరైనా ఒక్కసారి గెలిస్తే చాలనుకునేవాణ్ణి.

ఆ ఆదివారం సీజన్‌లో ఆఖరి ఆట. గెలిస్తే తర్వాతి దశకు వెళ్తారు, ఓడితే ఇంటికే. నా షిఫ్టు మూడింటికి. ఆట అప్పటికి అవ్వదు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రాక్సీ అంటే తెలుసుగా, లెక్చరర్ ఒకడి పేరు పిలిస్తే ఇంకొకడు పలుకుతాడు. పలకనివాడు స్నేహితుడే కాడు. ఆ బుద్ధే ఇక్కడికీ తెచ్చుకున్నాం. గేటు దగ్గర హాజరు మెషిన్‌లో నా కార్డు కూడా కొట్టమని, అదే షిఫ్టుకు వెళ్తున్న నరేశ్‌ని అడిగాను. కార్డు నేనే తీసి వాడి చేతిలో పెట్టాను. ఈ వాక్యం ఇన్నేళ్లలో ఎక్కడా అనలేదు, ఎక్కడా రాయలేదు.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మావాళ్లు ఒక్క పరుగు ముందున్నారు. ఫోన్ మోగింది. సూపర్‌వైజర్. నేను వచ్చినట్టు మెషిన్‌లో పడింది, మనిషి మాత్రం కనబడటం లేదట. నరేశ్ రెండు కార్డులు కొట్టడం ఎవరో చూశారట. నా కార్డు వాడి దగ్గర ఎందుకుందని అడిగింది. పని పోతుంది, కాలేజీకి తెలుస్తుంది, పర్మిట్ తీసేస్తారు, విమానం ఎక్కించేస్తారు. అది నిజమో కాదో కనుక్కునేంత బుద్ధి ఆ నిమిషంలో ఎక్కడిది? పొద్దుటి నుంచీ కార్డు కోసం వెతుకుతున్నానని చెప్పాను. నా బ్యాగులోంచి నరేశే తీసి ఉంటాడన్నాను. నేను ఎందుకు రాలేదంటే, జ్వరమన్నాను.

ఫోన్ పెట్టేసి చూస్తే టీమ్ ఓడిపోయి ఉంది. మీకు అసహ్యం వేస్తుందేమో గానీ, నాకు మొదట ఏడుపొచ్చింది ఆ ఓటమికే.

గంట తర్వాత నరేశ్ వచ్చాడు. బూట్లు విప్పుతూనే చెప్పాడు.

"పని పోయింది రా. నువ్వేం ఫికర్ చెయ్యకు. నీకు తెల్వకుంట నీ బ్యాగులకెల్లి నేనే తీసిన అని చెప్పిన. ఇద్దరం మునుగుడెందుకు?"

"నమ్మారా?"

"ఎంటనే నమ్మిండ్రు. ఒక్క ప్రశ్న గూడ అడగలే. నాకే నవాయి అనిపిచ్చింది."

ఎందుకు నమ్మారో నాకు తెలుసు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. వాడితో అన్నది ఒక్కటే మాట, "థాంక్స్ రా."

తర్వాత వాడికి టొరంటోలో ఎక్కడా పని దొరకలేదు. మమ్మల్ని పనుల్లో పెట్టే ఏజెన్సీ కూడా నరేశ్ ఫోన్లు ఎత్తలేదు. ఎక్కడో చలిప్రాంతంలో చిన్న ఊరికి వెళ్లి, వంటింట్లో గిన్నెలు కడిగి నిలదొక్కుకున్నాడు. చదువయ్యాక నన్ను అదే వేర్‌హౌస్ ఫుల్‌టైమ్‌లోకి తీసుకుంది. ఆ అనుభవంతోనే నాకు పీఆర్, అంటే శాశ్వతంగా ఉండే హక్కు, వచ్చింది. వాడికి ఇంకో మూడేళ్లు పట్టింది.

వచ్చే వారం వాడు భార్యతో, టొరంటో పక్కనే మిస్సిసాగాలో ఉన్న మా ఇంటికి వస్తున్నాడు. ఆ టీమ్ మ్యాచ్‌కు టికెట్లు కూడా తీశాడట. ఎవరింట్లో కలిసినా ఆ కథ చెప్తాడు, తన స్నేహితుణ్ణి ఎలా కాపాడాడో. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. నవ్వుతూనే, ఆ సూపర్‌వైజర్ ఎక్కడైనా వాడికి ఎదురుపడితే ఏమవుతుందని వణుకుతాను. కంపెనీ ఫైల్లో నా మాట పక్కన, వాడి కన్నా ముందే చెప్పినట్టు టైము రాసి ఉంటే? వాడు దాన్ని ఎప్పుడైనా చూస్తే? వాడి స్నేహం పోతే నాకిక్కడ ఎవరున్నారు?

స్టేడియంలో మూడు గంటలు వాడి పక్కన కూర్చోవాలి. చెప్తానా? మాటివ్వలేను. నన్ను నేను ఎరుగుదును. కానీ ఒక్కరికైనా తెలియాలి. వాడు నా కోసం తానే దొంగనన్నాడు. అంతకు ముందే నేను వాణ్ణి దొంగను చేశాను.