రెండు నుంచి ఏడు దాకా వైకుంఠరావు

వైకుంఠరావును ఎవరైనా "ఏమిటి విశేషాలు?" అని అడిగితే ఆయన విశేషాలు చెప్పడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "నీ కాడ ఏ వెర్షన్ ఉంది?" అని ఎదురు అడుగుతాడు. అంటే, సంగతి నీకు ఎంతవరకు తెలుసో చెబితే అక్కణ్ణించి మొదలుపెట్టి, ఒక్క మెట్టు కూడా వదలకుండా ఈ పూట దాకా తీసుకొస్తానని అర్థం. ఇది తెలియక నోరు జారినవాళ్ళు పలాస స్టేషన్లో రైళ్ళు పోగొట్టుకున్నారు.

విశాఖపట్నం నుంచి మేనేజరుగా వచ్చిన హేమలత మొదటిరోజే నోరు జారింది. కాశీబుగ్గలో జీడిపప్పు కొట్టు మేడ మీద ఆఫీసు. మొత్తం ఎనిమిది మంది. "మీరేం పని చూస్తుంటారండీ?" అని మర్యాదకు అడిగింది.

"కంపెనీ గురించి మీ కాడ ఏ వెర్షన్ ఉంది మేడమ్?"

"ఏమీ లేదనే అనుకోండి."

వెనక సీటులో కామేశ్ తల పట్టుకున్నాడు. "సున్నా అనీసినారేటి మేడమ్? ఇంక టిఫిన్ డబ్బా దగ్గరెట్టుకోండి" అన్నాడు.

మూడు గంటల తర్వాత ఆవిడకు తెలిసింది ఇంతే. ఎవరికి ఎన్ని సర్వర్లు కావాలో రాసిస్తే చాలు, వీళ్ళ సాఫ్ట్‌వేరే వాటిని అమర్చి నిలబెడుతుంది. ఏది ఎక్కడ నిలబెట్టిందో ఒక ఫైల్లో గుర్తు పెట్టుకుంటుంది. దాన్ని స్టేట్ ఫైలు అంటారు. ఆ ఫైలు రాసే పద్ధతి ఏడాదికోసారో రెండుసార్లో మారుతుంది. ఇప్పుడు నడుస్తున్నది ఏడో వెర్షన్. ఎవరైనా పాత ఫైలు తెస్తే దాన్ని పాత పద్ధతిలోనే చదివి, రెండు నుంచి మూడుకి, మూడు నుంచి నాలుగుకి మెట్టు మెట్టుగా ఎక్కించాలి. చదవలేకపోతే సాఫ్ట్‌వేరు "నేనసలేమీ కట్టనే లేదు" అనుకుని మళ్ళీ మొదట్నుంచీ కట్టడానికి బయల్దేరుతుంది. ఆ మెట్లన్నీ వైకుంఠరావు రాసినవే.

ఉద్యోగంలో రాసి ఊరుకుంటే బాగుండేది. ఆయన బతుకంతా అంతే. ఒకసారి జ్వరమొచ్చి టెక్కలిలో డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. "ఏమయింది?" అన్నాడు డాక్టరు. "నా గురించి మీ కాడ ఏ వెర్షన్ ఉంది?" అన్నాడు ఈయన. ఆరేళ్ళ కిందటి చీటీ దొరికింది. ఆరేళ్ళూ చెప్పడం పూర్తయ్యేసరికి జ్వరం దిగిపోయింది, డాక్టరుకు తలనొప్పి పట్టుకుంది.

టెక్కలిలోనే ఓ పెళ్ళిలో ఆడపెళ్ళివారి బంధువు "పెళ్ళికొడుకు ఏం చేస్తుంటాడు?" అని అడిగాడు. వైకుంఠరావు పిల్లవాడి మూడో తరగతి నుంచి అందుకున్నాడు. ఉద్యోగం దాకా వచ్చేసరికి పందిరి విప్పుతున్నారు.

ఇలాంటి మనిషి రాసిన పాత మెట్లు హేమలత కంటికి చెత్తలా కనబడటంలో వింత లేదు. వాటిని పరీక్షించడానికే ప్రతి విడుదలకూ వారం పడుతోంది. ఒకరోజు పిలిచి కూర్చోబెట్టింది.

"రెండో వెర్షన్ ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గరుందండీ?"

"ఉంది మేడమ్, ఒకల కాడ."

"పేరు చెప్పండి."

"సెప్పను."

"మూడేళ్ళుగా ఎవరూ తేలేదు."

"తెత్తాడు."

"ఎప్పుడు?"

"వచ్చినప్పుడు."

హేమలతకు ఒళ్ళు మండింది. "వచ్చే శుక్రవారం మధ్యాహ్నం లోపల ఆ మనిషి ఫైలుతో రావాలి. లేకపోతే ఏడుకి ముందున్న మెట్లన్నీ తీసేస్తాను."

"అయి తీసీసిన రోజు నాను కూడా ఎలిపోతాను మేడమ్" అన్నాడు వైకుంఠరావు. చాలా మామూలుగా అన్నాడు. పదహారేళ్ళ ఉద్యోగాన్ని ఎవరి కోసం పణం పెడుతున్నాడో మాత్రం చెప్పలేదు.

శుక్రవారం రానే వచ్చింది. పన్నెండు దాటింది. తీసేయాల్సిన ఫైళ్ళన్నీ తెర మీద ఎంచిపెట్టుకుని హేమలత కూర్చుంది. వైకుంఠరావు సొరుగు ఖాళీ చేసి చేతిసంచీలో సర్దుకున్నాడు. అప్పుడు మెట్ల మీంచి ముందుగా ఎండుచేపల వాసన వచ్చింది. దాని వెనకాల బక్కగా, జుట్టు పొట్టిగా ఉన్న ఒక మనిషి, బియ్యం సంచీ పట్టుకున్న ఒక ఆడమనిషి వచ్చారు.

"మాస్టారూ" అన్నాడా మనిషి.

వైకుంఠరావు లేచాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మేడమ్, ఈడు వరహాలు. ఆయమ్మి ఈడి భార్య, రాణి. ఈడి గురించి మీ కాడ ఏ వెర్షన్..."

"సున్నా. చెప్పండి" అంది హేమలత.

జీవితంలో మొదటిసారి వైకుంఠరావు క్లుప్తంగా చెప్పాడు. వరహాలుది బారువ దగ్గర చేపలపల్లె. టెక్కలిలో కంప్యూటరు, ఆ పైన వైకుంఠరావు దగ్గర ఈ సర్వర్ల పని నేర్చుకున్నాడు. గాలి ముదిరితే ఊరి పడవల ఫోన్లకు హెచ్చరిక పంపే సర్వరు ఒకటి వీళ్ళ సాఫ్ట్‌వేరుతోనే నిలబెట్టాడు. తర్వాత వేట సాగక గుజరాతు వెళ్ళి బోటెక్కాడు. బోటు హద్దు దాటింది. మూడేళ్ళు పొరుగుదేశపు జైల్లో ఉన్నాడు. విడుదలై ఇల్లు చేరి నాలుగు రోజులైంది. సర్వరు పాత పడవలకు హెచ్చరికలు పంపుతూనే ఉంది. కొత్త పడవల్ని చేర్చాలంటే మాత్రం వరహాలు లాప్‌టాప్‌లో ఉన్న ఫైలు కావాలి. రాణి దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది.

"ఎవుర్నీ ముట్టుకోనీలేదమ్మా. మా ఆయనొచ్చి తీత్తాడన్నాను" అంది రాణి.

"మీరు వెళ్ళి అడిగి తెచ్చుంటే అప్పుడే అయిపోయేది కదండీ?" అంది హేమలత.

"ఏటని అడగమంటారు మేడమ్? మీ ఆయన రాడు, డబ్బా మూత తియ్ అని అడగాలా?"

"పోనీ నాకైనా పేరు చెప్పాల్సింది."

"సెప్తే మీరు 'ఆడింకేటి వత్తాడు' అందురు. ఆ మాట ఇనీ ఓపిక నాకు లేదు."

హేమలతకు సిగ్గేసింది. నిజంగా ఆ మాటే అని ఉండేది.

"వచ్చి నాలుగు రోజులైందట. నాలుగు రోజులు ముందే పిలవొచ్చుగా?"

"ముందు ఇల్లు, తరవాత ఊరు, ఆ తరవాతే ఆఫీసు. మజ్జిలో మెట్టు దాటించకూడదు మేడమ్."

ఉద్యోగం పోయినా సరే మెట్టు దాటించడన్నమాట. హేమలత కుర్చీ జరిపి వరహాలుకు చోటిచ్చింది.

వరహాలు సంచీలోంచి లాప్‌టాప్ తీశాడు. మీటల సందుల్లోంచి నాలుగు బియ్యపుగింజలు రాలాయి. "కొత్త పడవలు రాసీసినాను మాస్టారూ. మిమ్మల్ని అడక్కుండా బటన్ నొక్కలేదు. ఊర్ల అందరూ ఒక్కసారే అన్నీ సెప్పీసినారు. ముందేటి జరిగిందో, ఎనకేటి జరిగిందో బుర్రకెక్కడం లేదు" అన్నాడు.

"నొక్కు" అన్నాడు వైకుంఠరావు.

నొక్కాడు. తెర మీద ఒక్కొక్క వరుసే వచ్చింది. ఆ కోడ్ తీసేయడానికే తప్ప హేమలత ఎన్నడూ చదవలేదు. వరహాలు వేలు పెట్టి పైకి చదివాడు.

"రెండు నుంచి మూడు: సర్వరు పేరు గడి మారింది. మీ పాప నడక నేర్చి కోడి వెంటపడింది.

"మూడు నుంచి నాలుగు: ఫోన్ నంబర్లు వేరే గడిలోకి వెళ్ళాయి. మీ నానమ్మ లక్ష్మమ్మ గారు నిద్రలో పోయారు. బాధపడలేదు. నేను వెళ్ళాను."

అక్కడ ఆగాడు. రాణి భుజం మీద చెయ్యేసింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"నాలుగు నుంచి ఐదు: చిన్న మార్పే. మీ తమ్ముడి పెళ్ళి. సాంబారు పలచన.

"ఐదు నుంచి ఆరు: పాప బడిలో చేరింది. మొదటిరోజే టీచరమ్మను కొరికింది.

"ఆరు నుంచి ఏడు: ఊళ్ళోకి పద్నాలుగు కొత్త పడవలొచ్చాయి. నువ్వే చేర్చాలి."

ఈ ఒక్క ఫైలుకే కనబడేలా వైకుంఠరావు ఏ మెట్టుకామెట్టు రాసిపెట్టిన మాటలవి. వాటి కింద సాఫ్ట్‌వేరు తన మాట తాను చెప్పింది. కొత్తగా చేర్చేవి: పద్నాలుగు. తొలగించేవి: ఏవీ లేవు.

"ఇప్పుడు తెలిసింది మాస్టారూ, ఏది ముందో" అన్నాడు వరహాలు. ఏడుస్తూనే సాంబారు వరుస మళ్ళీ చదివి నవ్వాడు. రాణి కూడా నవ్వింది. "పలచనేటి బావూ, నీళ్ళే" అంది.

హేమలత తన తెర మీద ఎంచిపెట్టినవన్నీ వదిలేసింది. వైకుంఠరావు చేతిసంచీ తీసుకుని సొరుగులో సామాను మళ్ళీ తనే సర్దింది.

ఆర్నెల్లకు ఎనిమిదో వెర్షన్ వచ్చింది. ఆ మెట్టు తానే రాస్తానని హేమలత పట్టుబట్టింది. వరహాలు ఊళ్ళో నొక్కి చూస్తే ఇలా వచ్చింది: "ఏడు నుంచి ఎనిమిది: రెండు గడులు ఒకటయ్యాయి. నువ్వు తెచ్చిన ఎండుచేపలు బాగున్నాయి. ఆఫీసు ఏసీలోంచి వాసన మాత్రం ఇంకా పోలేదు."