పసుపు దీపం ఆరిన ఆదివారం

నాకు కారు తోలడమంటే పిచ్చి. రెండువేల ఎనిమిది, తొమ్మిది ప్రాంతాల్లో మా వేంసూరు వైపు చీర కుచ్చిళ్లు సర్దుకుని స్టీరింగు ముందు కూర్చున్న ఆడమనిషిని నేనొక్కదాన్నే అని ఇప్పటికీ గొప్పలు పోతుంటాను. అశ్వారావుపేట దాటాక అడవిలో ఉన్న ఒక బడిలో సైన్సు టీచర్ని. అంతకుముందు రెండు బస్సులు మారి, చివరి నాలుగు కిలోమీటర్లు ఏ బండి దొరికితే ఆ బండెక్కి పోయేదాన్ని. ఆ పాత డీజిల్ కారు వచ్చాక నా బతుకే మారిపోయింది. టేకు చెట్ల మధ్య మట్టిరోడ్డు ఎక్కగానే అద్దాలు దించి గొంతెత్తి పాడేదాన్ని. నా గొంతు గురించి మా ఇంట్లో ఎవరికీ మంచి అభిప్రాయం లేదు. అడవి మాత్రం ఎప్పుడూ ఏమీ అనలేదు.

అలాంటి కారులో ఒక సోమవారం పసుపు దీపం వెలిగింది. స్టీరింగు వెనక, ఇంజను బొమ్మతో ఉండే చిన్న దీపం. ఆ రోజు నుంచి ఎత్తు వస్తే చాలు, బండి ఆయాసపడేది. మా ఆయనకు అదే అదనైంది. నేను ఒక్కదాన్నే అడవి దారిలో పోవడం ఆయనకు మొదటినుంచీ గుబులే.

“సగం దారిల ఆగితే నీకు ఎవరున్నరే? ఆదివారానికి దీపం ఆరిందా, సరే. ఆరలేదా, కల్లూరు నుంచి బేరగాడు వస్తండు, ఇచ్చేస్త. మళ్లా బస్సెక్కు,” అన్నాడు.

బస్సు మాట వినగానే నాకు నిజంగా ఏడుపొచ్చింది.

మామయ్య వరండాలో చుట్ట కాలుస్తూ అంతా విన్నారు. ఆయన నలభై ఏళ్లుగా ట్రాక్టరు మనిషి. కారు కొన్న రోజున దాని చుట్టూ ఒకసారి తిరిగి, టైరును కాలితో తట్టి, “అగ్గిపెట్టె లెక్కుంది” అని పొలానికి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఒక్కనాడూ ఎక్కలేదు. నా కారంటే ఆయనకు గిట్టదని నేను తీర్మానించేసుకున్నాను.

శుక్రవారం బడి నుంచి వస్తూ సత్తుపల్లిలో మెకానిక్కుకు చూపించాను. ఆయన ఓ చిన్న యంత్రాన్ని స్టీరింగు కింద గుచ్చి, అందులో వచ్చిన అంకెలు చూసి పెదవి విరిచాడు.

“ఎయిర్‌ఫ్లో సెన్సార్ మేడం. ఇంజన్లకు ఎంత గాలి పోతందో లెక్క చెప్పేది. మార్చాలె. హైదరాబాద్ నుంచి రావాలె, పదిరోజులు పడతది.”

“ఆదివారం లోపల కావాలి. కడిగితే పోదా?”

“పోవచ్చు. కానీ లోపల వెంట్రుక లాంటి తీగ ఉంటది. వేలు తగిలిందా, గోవిందా!”

తీగ అనగానే నాకు పూనకం వచ్చింది. వేడెక్కిన తీగ మీద గాలి వీస్తే చల్లబడుతుంది. ఎంత చల్లబడిందో చూసి ఎంత గాలి వచ్చిందో చెప్పొచ్చు. వేడి అన్నం మీద ఊదుకునే ప్రతి ఇల్లాలికీ తెలిసిన సైన్సే. తీగకు మురికి పడితే లెక్క తప్పుతుంది. అంతేకదా! గోటితో పోయేదానికి గొడ్డలెందుకని, టీవీలు బాగుచేసే కొట్లో సర్క్యూట్ బోర్డులు కడిగే స్ప్రే డబ్బా కొన్నాను. ఎటూ విప్పుతున్నానని కొత్త ఎయిర్ ఫిల్టరు కూడా తెచ్చుకున్నాను.

ఆదివారం పొద్దున్నే కొంగు నడుముకు బిగించి బానెట్ ఎత్తాను. బ్యాటరీ తీగ ఊడదీశాను. సెన్సారుకున్న ప్లగ్గు లాగి, రెండు స్క్రూలు విప్పి, బొటనవేలంత ప్లాస్టిక్ ముక్కను బయటికి తీశాను. ఎండకు పెట్టి చూస్తే లోపలి తీగ నల్లగా, జిడ్డుగా ఉంది. గాలి పోయే దారిలో జిడ్డేమిటి? అనుమానమొచ్చి ఫిల్టరు డబ్బా మూత తీశాను. పొడిగా ఉండాల్సిన కాగితం ఫిల్టరు, మూకుట్లోంచి అప్పుడే తీసిన అరిసెలా నూనె ఓడుతోంది.

“ఏమండీ!” అని నేను వేసిన కేకకు వీధిలో వాళ్లు కూడా వచ్చారు. నా అనుమానమంతా మా ఆయన మీదే. కారు అమ్మించడానికి ఎంత కుట్ర! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నారు గానీ నేను పట్టేశానని మురిసిపోయాను.

“నేను పోసిన్నా? ఆ మూత ఎటుంటదో గూడ నాకెరుక లేదు,” అంటూ ఆయన పడీపడీ నవ్వాడు.

అప్పుడు పెరటి వైపు నుంచి మామయ్య వచ్చారు. చేతిలో పొడుగు మూతి నూనె డబ్బా.

“నేనే పోసిన,” అన్నారు. “ఏడాది సంది పోస్తన్న. ఆదివారం ఆదివారం, నువ్వు లేవకముందే. ట్రాక్టర్ ఎయిర్ క్లీనర్ల నూనె లేకుంటే దుమ్మంత ఇంజన్లకే పోతది. నీదసలే మట్టి రోడ్డాయె. మూత తీసి చూస్తే లోపల చుక్క నూనె లేదు. ఈ కారు చేసినోళ్లకు బుద్ధి లేదా అనుకున్న. నడిమి అడవిల ఆగితే నీకెవరున్నరని...”

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నవ్వే ముందు బయటపడింది.

“దీనికి నూనె పొయ్యొద్దు మామయ్యా. ఇది కాయితం. ఆ నూనె గాలితో పోయి ఈ తీగకు పట్టింది.”

ఆయన సెన్సారును కళ్ల దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశారు. “అంటే, ఆ దీపం నేనే ఎలిగించిన్నా?”

“మీరే.”

బెల్లం దొంగిలించి దొరికిపోయినట్టు డబ్బాను వెనక దాచుకున్నారు.

తీగకు తగలకుండా దూరం నుంచి నాలుగుసార్లు స్ప్రే కొట్టాను. జిడ్డు చుక్కలు చుక్కలుగా కారిపోయింది. గుడ్డతో తుడవకూడదు, దానంతటదే ఆరాలి. మామయ్య నోటితో ఊదబోతే అరిచి ఆపాను. ఇక ఆయన కాపలా చూడాలి! దుమ్ము లేపుతున్నాయని మా కోళ్లను వీధి చివరిదాకా తరిమి వచ్చారు.

అరగంట తర్వాత అన్నీ బిగించి, కొత్త ఫిల్టరు పెట్టి, తాళం తిప్పాను. స్టీరింగు వెనక దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి.

“అన్నీ ఎలిగినయ్!” అని మామయ్య కిటికీ బయట తల పట్టుకున్నారు.

ఇంజను స్టార్ట్ అయ్యాక ఒక్కొక్కటే ఆరిపోయాయి. పసుపుది మాత్రం నన్ను ఏడిపించడానికే అన్నట్టు కాసేపు నిలబడి, అదీ ఆరింది. నేను హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. కారు దిగి మా ఆయన చుట్టూ రెండుసార్లు తిరిగాను.

సరిగ్గా అప్పుడే బేరగాడి మోటారు సైకిలు వాకిట్లో ఆగింది.

“మంచిగైంది, ఇగ జల్దీ అమ్ముడుపోతది,” అని మా ఆయన మెల్లగా అన్నాడు.

“దీపం ఆరితే సరే అన్నారు గదా!”

“అన్న. కానీ పాపం అంత దూరం నుంచి వచ్చిండు...”

ఇంతలో కారు తలుపు చప్పుడైంది. మామయ్య ముందు సీట్లో కూర్చుని, తువ్వాలు ఒళ్లో పెట్టుకుని ఉన్నారు.

“అమ్మాయ్, పోనియ్యి.”

“ఎటు మామయ్యా?”

“నీ బడి కాడికి. ఆ రోడ్డు చూడాలె.”

“అయ్యా, బండి చూసుకుందామని వచ్చిన...” అని బేరగాడు దగ్గరికొచ్చాడు.

“చూసినవ్ గదా. ఇది మా కోడలిది. ఇచ్చేది లేదు, పో నాయినా,” అన్నారు మామయ్య.

నేను గబగబా స్టీరింగు ముందు కూర్చున్నాను.

సత్తుపల్లి దాటాం, అశ్వారావుపేట దాటాం. దారి పొడుగునా మామయ్య రోడ్డు చూడలేదు, దీపం ఉండే చోటే చూస్తూ కూర్చున్నారు. మట్టిరోడ్డు ఎక్కి, మొదటి ఎత్తు ఆయాసం లేకుండా ఎక్కేశాక ఆనందం పట్టలేక పాట అందుకున్నాను. ఆయన ఓపిగ్గా ఒక చరణం భరించారు.

“మరి ఆదివారం పొద్దుగాల నేనేం జెయ్యాలె?” అని అడిగారు.

“ఫిల్టరు తీసి దుమ్ము దులపండి మామయ్యా. నూనె వద్దు.”

ఆయన మొదటిసారి తలెత్తి రోడ్డు వైపు చూశారు. చక్రాల కింద నుంచి ఎర్రటి దుమ్ము లేస్తోంది.

“గీ రోడ్డుకు ఆదివారం ఒక్కనాడు సరిపోదు. బుధారం గూడ దులుపుత,” అన్నారు.