గేరుబాక్సు నోరు నొక్కినవాళ్లు

మా దొడ్డమ్మ పోయింది. మధ్యాహ్నం భోంచేసి, కాటన్‌పేటలోని తన పరుపుల అంగట్లో ఓ పక్కకు ఒరిగిందట, మళ్లీ లేవలేదు. అమ్మ ఫోన్ చేసి "అక్క పోయిందే" అని ఒక్క మాట అంది. దొడ్డమ్మంటే అమ్మకు అక్క. బెంగళూరులో తరాలుగా ఉంటున్న మా ఇళ్లల్లో పెద్దమ్మను అలాగే పిలుస్తాం.

ఏడవాల్సిన రోజున నాకు రోత పుట్టింది. శవాన్ని ఇంకా ఎత్తనే లేదు, ఓ గ్యారేజీ యజమాని పెద్ద గులాబీల దండతో వచ్చాడు. "అక్క నన్ను సొంత తమ్ముడి మాదిరి చూసుకునేది" అని వీధికంతా వినబడేలా ఏడ్చాడు. ఏడుపు ముగించి, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అక్క పికప్పు ఏం చేస్తారు మేడం? ఇచ్చేటట్టుంటే ముందు నాకు చెప్పండి."

నేను లోపలికెళ్లి, ఆమె మీదున్న ఆ దండ తీసి గోడవారన పడేశాను. ఎందుకు పడేశానో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

దొడ్డమ్మకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. క్లచ్ తొక్కలేదు కనుక బండి నడపలేదని ఇంటిల్లిపాదీ తేల్చేశారు. ఆమె ఊరుకోలేదు. ఓ కాఫీ తోట యజమాని వదిలించుకుంటున్న పాత విదేశీ పికప్పును వెతికి తెచ్చుకుంది. దానికి క్లచ్ లేదు, గేర్లు వాటంతటవే మారతాయి. కుడికాలు ఒక్కటి చాలు. పరుపులు వేసుకుని మడివాళలోని పీజీ హాస్టళ్లకూ, సర్జాపుర దారిలోని కొత్త అపార్ట్‌మెంట్లకూ తనే తోలుకుపోయేది. సర్జాపుర వైపే ఉద్యోగం చేసే నేను, సెలవు దొరికితే పక్క సీట్లో ఉండేదాన్ని.

ఆమెకు అసహ్యాలు ఎక్కువ. దూది చేతికి రాగానే ముందు వాసన చూసేది. ఒకసారి మడివాళలో ఓ పీజీ యజమాని పాత పరుపులు చూపించి, "పైన కొత్త గుడ్డ కుట్టిస్తే చాలు, పిల్లలకేం తెలుస్తుంది?" అన్నాడు. దొడ్డమ్మ ఒక పరుపు అంచు ఎత్తింది. చెమట, తలనూనె, ఎవరి ఉచ్చ మరకలో. కుట్ల వెంట బలిసిన నల్లులు.

"థూ! దీని మింద నువ్వు పండుకుంటావా అప్పా? నీ బిడ్డను పండబెడతావా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వచ్చేసింది. బండెక్కాక సీసాలో నీళ్లన్నీ అయ్యేదాకా చేతులు కడుగుతూనే ఉంది. "లోపల గలీజు పెట్టి పైన పూలగుడ్డ కప్పేవాళ్లు ఉండారే పాపా, వాళ్లను చూస్తే నల్లులే మేలు" అంది.

కొన్నేళ్ల కింద ఆ బండి మూలగడం మొదలుపెట్టింది. ఈలకూ ఏడుపుకూ మధ్య ఒక సన్నని శబ్దం. నేను ఫోన్లో వీడియోలు వెతికి ఏం చేయాలో చెబుతుంటే, ఆమె చెవి పెట్టి వింది. బండిని నిలిపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ నొక్కితే మూలుగు పెరిగింది. బ్రేకు మీద కాలుంచి డ్రైవ్‌లోకి మార్చినా అంతే. "చక్రం తిరగకనే అరస్తా ఉండాది. అంటే చక్రాల కాడ కాదు" అంది. గేరుబాక్సు ఆయిల్ కొలిచే కడ్డీ లాగి చూశాం. ఆయిల్ మట్టం సరిగ్గానే ఉంది, కానీ దానిమ్మ రసంలా ఉండాల్సింది కాఫీ డికాక్షన్‌లా ఉంది. లోపలి ఫిల్టరు పూడుకుపోయి, పంపుకు ఆయిల్ అందక అరుస్తోందేమోనని ఇద్దరికీ అనిపించింది.

ఈ దండ తెచ్చిన మనిషి గ్యారేజీకే తీసుకెళ్లాం. కింద విప్పి ఫిల్టరు చూడమంది. "అట్లనే అక్కా" అన్నాడు. సాయంత్రానికి బండి నిశ్శబ్దం. "సౌండ్ పోయిందా లేదా?" అని పళ్లన్నీ చూపించాడు.

ఆ వారమే సర్జాపుర దారిలో ఓ అపార్ట్‌మెంట్‌లో పరుపులు దించి, బేస్‌మెంట్ నుంచి పైకి ఎక్కుతున్నాం. ఇంజను గర్జిస్తోంది, బండి కదలదు. కాలిన వెంట్రుకల్లాంటి కంపు. బండి వెనక్కి జారింది. వెనకాల కారు హారన్ మోగిస్తూనే ఉంది. దొడ్డమ్మ ఆ ఒక్క కాలితో బ్రేకు అదిమిపెట్టి, స్టీరింగును కరిచి పట్టుకుంది.

"ఈ బండి పోతే ఇంట్లో కూచోవాల పాపా" అంది. "మళ్లా యాడికి పోవాలన్నా ఎవురో ఒకరి మొగం చూడాల."

బండిని లాగించుకుని ఆ గ్యారేజీకే వెళ్లాం. దొడ్డమ్మ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, తన కళ్లముందే విప్పమంది. ట్రేలోకి తారులాంటి నల్లటి జిగురు ముద్దలు ముద్దలుగా జారింది. ఫిల్టరును ఎవరూ ముట్టుకోలేదు. శబ్దం వినబడకుండా మందపాటి ఆయిల్ ఏదో పోసి పంపాడంతే.

ఆమె ఆ జిగురులో వేలు ముంచి లేచి, కుంటుకుంటూ వెళ్లి అతని ముక్కు దగ్గర పెట్టింది. అతను మొహం తిప్పుకున్నాడు.

"నీకూ అసయ్యమేనా? నా బండి కడుపులో పోసేటప్పుడు లేదే! మూలిగేదాని నోరు నొక్కితే నొప్పి పోతాదా?"

"సుమ్నె, ఊరికే గలాటా చేయొద్దక్కా. అందరూ సౌండ్ పోవాలనే అడుగుతారు" అన్నాడతను. సిగ్గు మచ్చుకైనా లేదు.

అందరూ అదే అడుగుతారన్న మాట అబద్ధం కాదు. అదే నాకు ఇంకా రోత పుట్టిస్తుంది.

వేరే చోట గేరుబాక్సు కడిగించి, ఫిల్టరు మార్పించి, సరైన ఆయిల్ పోయించాం. మూలుగు పోయింది. బండి ముందుకు నడిచింది. రివర్స్ మాత్రం కాలిపోయింది, దానికి సామాను దొరకలేదు. బండి అమ్మేయమని అందరూ అన్నారు. "ఎనక్కి పోయే పని నాకేం ఉండాది?" అని నవ్వేసింది. అప్పట్నుంచి వీధులన్నీ ముందుకే పోయేలా చూసుకుని తిరిగింది, మొన్నటిదాకా.

అయినా ఒక ఉదయం మడివాళలో దారి తప్పి, చివర గోడ ఉన్న సందులోకి దూరింది. నేను దిగి ఒక్కదాన్నే తోశాను, బండి కదల్లేదు. పక్క పీజీలోంచి అమ్మాయిలు వచ్చారు, ఒకరు తలకు తువ్వాలుతో, ఒకరు నోట్లో బ్రష్షుతో, ఒకరు మెడలో వేలాడే ఆఫీసు కార్డుతో. అందరూ బానెట్ మీద చేతులు ఆన్చారు. దొడ్డమ్మ కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి, వెనక్కి చూస్తూ, "మెల్లగా తల్లీ, మెల్లగా! పరుపులుండాయని గోడకు గుద్దేరు!" అని అరుస్తోంది. నవ్వుకు అమ్మాయిల చేతులు జారుతున్నాయి, బండి ఆగుతోంది, మళ్లీ తోస్తున్నారు. స్కూటర్లూ కూరగాయల తోపుడుబళ్లూ పక్కకు తప్పుకుంటుంటే, మా దొడ్డమ్మ రాణిలా వెనక్కి వెనక్కి వెళుతోంది.