దండ మోయని మనిషి

నా చిన్నప్పుడు జార్జి టౌన్‌లో మావాళ్ళు ఎగ్మోర్ మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అనేవాళ్ళు. జంతువులున్న జూ బతికిన కాలేజీ, ఇది చచ్చినది. పదేళ్ళప్పుడు మా బడివాళ్ళు అక్కడికి తీసుకుపోతే, ఆ పేరు పెట్టినవాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. ఇద్దరిద్దరుగా వరస, నోటిమీద వేలు, బొమ్మ ముందు ఆగితే వెనకనుంచి తోపు. బొమ్మల కింది పలకలమీద రాసి ఉన్నది నోటుబుక్కులో ఎక్కించుకోవడమే పని. తలెత్తి చూసే తీరిక లేదు.

మర్నాడు టీచరమ్మ, చూసినదాని గురించి వ్యాసం రాయమన్నారు. నేనేమీ చూళ్ళేదని చెప్పాను. అది నిజం. ఆమెకి పొగరులా వినిపించింది. సోమవారానికి రాసుకురాకపోతే క్లాసు బయటే నిలబడాలన్నారు. ఇంటికొచ్చి, ఇంక జన్మలో ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను.

మా తాతయ్యది పూలబజారులో దండల టోకు వ్యాపారం. ఆయన నన్ను బుజ్జగించలేదు, మందలించలేదు. ఆదివారం పొద్దున, పని ఎగ్గొట్టేవాణ్ణి ఒకణ్ణి పట్టుకోవాలి, తోడు రమ్మని బస్సెక్కించాడు. ఎగ్మోర్‌లో దిగాక గాని మోసం తెలియలేదు. ఒట్టు తీసి గట్టున పెట్టి, ముఖం మాడ్చుకుని ఆయన వెనక లోపలికి నడిచాను.

అమరావతి రాళ్ళ దగ్గర ఆగాడు. ఒక పొడుగాటి రాతిమీద చెక్కిన మనుషులు వరసగా నిలబడి, లావుపాటి పూలదండని భుజాలమీద మోస్తున్నారు. మా కొట్టు ముందు రోజూ చూసేదే.

"ఈళ్ళలో ఒగడు బరువు మొయ్యకుండా ఏమారుస్తా ఉండాడు. ఆడెవడో కనుక్కో పాపా," అన్నాడు తాతయ్య.

ఎంతసేపు చూశానో నాకే తెలియదు. మోకాళ్ళు చూశాను, మెడలు చూశాను, వేళ్ళు ఎలా పట్టుకున్నాయో చూశాను. చివరికి దొరికాడు. దండ వాడి భుజానికి ఆనీ ఆనకుండా ఉంది. చెయ్యి ఊరికే పైన వేసి పక్కకి చూస్తున్నాడు. బరువంతా వెనకవాడిదే.

"నేను ఇంకొగణ్ణి అనుకుంటినే," అన్నాడు తాతయ్య.

అంటే జవాబు ఆయన దగ్గరా లేదు. అక్కడే భుజాలు వంచి చూపించుకుంటూ వాదించుకున్నాం. ఎవరిది ఒప్పో తేలకుండానే మూసేవేళ అయింది.

సోమవారం రెండు పేజీలు రాసిచ్చాను. టీచరమ్మ అడ్డంగా గీత కొట్టి, అది ఏ కాలపు రాయో, ఎక్కడిదో పలకమీద ఉన్నట్టు రాసి తెమ్మన్నారు. నేను చూసింది ఇదే, ఇంకోటి రాయనన్నాను. మూడు రోజులు వరండాలో నిలబెట్టారు. ఏడుపొచ్చింది. అయినా రాయలేదు. మూడోనాటి సాయంత్రం తాతయ్య ఒక్కటే అడిగాడు.

"మాట మారిస్తివా?"

లేదన్నాను. సరేనని నా జడలో మూర మల్లెలు తురిమాడు.

కుర్రకారు మ్యూజియాలకి రావడం లేదని ఎవరైనా వాపోతే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళని వరసలో తోలింది మనమే. వాళ్ళకో తగువు అప్పజెప్పి చూడండి, మూసేవేళయినా కదలరు.

మొన్న మనవరాల్ని ఆ రాతి ముందుకు తీసుకెళ్ళాను. అది తాతయ్య మనిషినీ కాదని, నా మనిషినీ కాదని, మూడోవాణ్ణి చూపించింది. తప్పన్నాను. నువ్వే సరిగ్గా చూడలేదంది. ఇన్నేళ్ళయినా నా మాట నేను మార్చలేదు. దాని మాట మార్చుకోమనీ అనలేదు.